పాత జీప్ చెరోకీలో పవర్ స్టీరింగ్ గేర్‌బాక్స్ మీరే మార్చుకోవాలంటే

స్టీరింగ్ కొంచెం తిప్పినా బండి పలకట్లేదా, హైవే మీద లేన్‌లో నిలబెట్టడానికి అస్తమానం అటూ ఇటూ సరిచేస్తూనే ఉండాల్సొస్తోందా, బండి ఆపిన చోట డ్రైవర్ వైపు ముందు చక్రం దగ్గర నేల మీద నూనె మరక పడుతోందా? అయితే స్టీరింగ్ గేర్‌బాక్స్ మీద అనుమానం రావడం సహజమే. కానీ కొత్త బాక్స్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చివరిదాకా చదవండి. ఈ పనిలో విప్పడం, బిగించడం పెద్ద కష్టం కాదు, మూడు బోల్టులు, షాఫ్ట్ దగ్గర ఇంకో బోల్టు, ఒక పెద్ద నట్టు, రెండు గొట్టాలు, అంతే. పని చెడేదల్లా బాక్స్‌ని మధ్యకి తేకుండా బిగించేసినప్పుడు, లోపలి పాత నూనెని అలాగే వదిలేసినప్పుడు, బాక్స్ కూర్చునే ఫ్రేమ్ రైలు, అంటే బండి కింది పొడవాటి దూలం, ఎలా ఉందో చూడనప్పుడు.

నేను చెప్పేది 1984 నుంచి 2001 దాకా వచ్చిన చెరోకీ గురించి, అమెరికాలో ఎక్స్‌జే అంటారే, అది. నాకు బాగా తెలిసింది 4.0 లీటర్ ఆరు సిలిండర్ల ఇంజన్ ఉన్న బండి. అప్పటి రాంగ్లర్లలో కూడా ఇదే కుటుంబానికి చెందిన సాగినా కంపెనీ బాక్సే ఉంటుంది కాబట్టి పని తీరు దాదాపు ఒకటే. ఇండియాలో ఇదే రకం బాక్స్ ఉన్న పాత బండ్లకి కూడా పద్ధతి పనికొస్తుంది, కాకపోతే బాక్స్ కుడి పక్కన ఉంటుంది, బిగింపు లెక్కలు వేరు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని చేతిలో పెట్టుకున్న మెకానిక్ దొరుకుతాడు, మీరు పక్కన నిలబడి చూసుకుంటే చాలు. నేనుండే అమెరికాలో అయితే షాపులో లేబర్ చార్జీ గంటల లెక్కన వేస్తారు, పాత బండి విలువతో పోలిస్తే అది మోయలేని ఖర్చు అనిపిస్తుంది. అందుకే సొంతంగా చేసుకోవడం నేర్చుకుంటే మేలు.

ముందు రోగం తేల్చండి. చక్రాలు నేల మీద ఉండగానే, గేరు పార్క్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి ఇంజన్ ఆన్ చేయండి. ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ని అటో బెత్తెడు ఇటో బెత్తెడు ఊపమనండి. మీరు డ్రైవర్ వైపు చక్రం పక్కన వంగి టార్చ్ వేసి చూడండి. పై నుంచి వచ్చే షాఫ్ట్ తిరుగుతున్నా బాక్స్ కింద ఉన్న పిట్‌మన్ ఆర్మ్, అంటే బాక్స్ కదలికని చక్రాల వైపు అందించే ఇనుప చెయ్యి, కదలకపోతే లోపలి పళ్లు అరిగాయని అర్థం, అంటే బాక్స్ పని అయిపోయినట్టే. మన మెకానిక్కులు డ్రాప్ ఆర్మ్ అంటారే, ఆ ఆర్మ్ వెంటనే కదులుతోంది కానీ చక్రం ఆలస్యంగా కదులుతోందంటే తప్పు టై రాడ్ ఎండ్లది, అంటే చక్రాల్ని తిప్పే కడ్డీల చివర ఉండే కీళ్లది. ముందు యాక్సిల్ మొత్తం బాడీ కింద పక్కకి జరుగుతుంటే, యాక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టి ఉంచే కడ్డీ, ట్రాక్ బార్‌ది. అసలు బాక్సే ఫ్రేమ్ మీద కదులుతుంటే బోల్టులు వదులయ్యాయి, లేదా ఇంకా ఘోరం, రైలు పగిలింది. గతుకు తగలగానే ముందు భాగమంతా గడగడా వణికి స్టీరింగ్ చేతిలో నిలవని పరిస్థితి ఉంటే, డెత్ వాబుల్ అంటారు, దానికి చాలాసార్లు కారణం ట్రాక్ బార్ లాంటి అరిగిన కీళ్లే. బాక్స్ మార్చినంత మాత్రాన అది పోదు, డబ్బు మాత్రం పోతుంది.

కారడం ఒక్కటే సమస్య, ఆట (స్టీరింగ్ తిప్పినా చక్రం కదలని ఖాళీ) ఏమీ లేదు అనుకుంటే కూడా తొందరపడొద్దు. బాక్స్ కింద, పిట్‌మన్ ఆర్మ్ ఉన్న చోట సీల్ అరిగి కారుతుంటే ఆ సీల్ కిట్ విడిగా దొరుకుతుంది, బాక్స్ విప్పకుండానే మార్చుకోవచ్చు. పైన గొట్టం దగ్గర కారిన నూనె కూడా బాక్స్ మీదుగా జారి కిందకే వస్తుంది కాబట్టి, ఒకసారి డీగ్రీజర్‌తో శుభ్రంగా కడిగి, రెండు రోజులు నడిపి, తడి ఎక్కడ మొదలవుతోందో చూడండి.

బాక్స్ పైన నడి మధ్యలో లాక్ నట్టుతో ఒక సర్దుబాటు స్క్రూ ఉంటుంది. ఆట తగ్గాలంటే దాన్ని బిగిస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. పావు చుట్టు కంటే తక్కువలో తేలిపోతే సంతోషం. కానీ ఆట పూర్తిగా పోయేదాకా బిగించుకుంటూ పోతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, మధ్యలో పట్టేసినట్టు ఉంటుంది, అరగని పళ్లు కూడా అరిగిపోతాయి. రోడ్డు మీద స్టీరింగ్ మధ్యలో పట్టేయడం ప్రాణాల మీదికి వచ్చే విషయం. దయచేసి ఆ పని చేయకండి.

సరే, బాక్సే పోయిందని తేలింది. ఇక్కడ ఎక్కువగా దొరికేవి రీమాన్‌వి, అంటే పాతవి విప్పి సీళ్లు, అరిగిన భాగాలు మార్చి అమ్మేవి. ధరతో పాటు కోర్ చార్జ్ అని కొంత కట్టించుకుంటారు, మీ పాత బాక్స్ తిరిగి ఇస్తే అది వెనక్కి వస్తుంది. డబ్బా తెరవగానే మొదట చేయాల్సింది ఇన్‌పుట్ షాఫ్ట్‌ని చేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూడటం. బరువుగా ఉన్నా మెత్తగా, ఎక్కడా గరగరమనకుండా తిరగాలి. మధ్యకి వచ్చినప్పుడు ఒక పిసరు బిగువుగా అనిపిస్తుంది, అది ఉండాల్సిందే. ఎక్కడైనా ఇసుక నలిగినట్టు తగిలితే బిగించకుండానే వాపస్ ఇచ్చేయండి. గొట్టాలు ఎక్కే రంధ్రాలు, షాఫ్ట్ పళ్లు మీ పాతదానితో సరిపోలుతున్నాయో కూడా చూసుకోండి, మోడల్ సంవత్సరం తప్పుగా కొడితే వేరేది వచ్చే ప్రమాదం ఉంది.

పనిముట్ల సంగతి. సాధారణ సాకెట్ సెట్ కాకుండా నాలుగు తప్పనిసరి: పిట్‌మన్ ఆర్మ్ పుల్లర్, 33 మిల్లీమీటర్ల సాకెట్, గొట్టాల నట్ల కోసం ఫ్లేర్ నట్ రెంచ్, పెద్ద టార్క్ రెంచ్. పుల్లర్ కొనక్కర్లేదు, ఆటోజోన్ లాంటి స్పేర్ పార్ట్స్ షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, వాడాక ఇచ్చేస్తే డబ్బు మొత్తం వెనక్కి ఇస్తారు. వీటితో పాటు పొడవాటి బ్రేకర్ బార్, పట్టేసిన బోల్టులకి వేసే పెనెట్రేటింగ్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ పెద్ద డబ్బా, గొట్టాలకి కొత్త ఓ రింగులు, అంటే కారకుండా ఆపే రబ్బరు రింగులు. ఒహాయో, మిషిగన్ లాంటి మంచు రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే రోడ్డు మీద చల్లే ఉప్పుకి అంతా తుప్పు పట్టి ఉంటుంది, ముందు రోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ ఆ ఆయిల్ కొట్టి వదిలేయండి.

చదునైన సిమెంటు నేల మీద వెనక చక్రాలకి అడ్డు పెట్టి, ముందు భాగం లేపి, రెండు పక్కలా జాక్ స్టాండ్లు పెట్టండి. జాక్ మీద మాత్రమే నిలబెట్టి కింద దూరడం వద్దే వద్దు. డ్రైవర్ వైపు ముందు చక్రం తీసేయండి, బాక్స్ పట్టుకునే మూడు బోల్టుల తలలు ఆ వైపు నుంచే, ఫ్రేమ్ రైలు బయట పక్క కనిపిస్తాయి. బాక్స్ మాత్రం రైలుకి లోపలి పక్క ఉంటుంది.

ఏదీ విప్పకముందే నూనె ఖాళీ చేయడం నా పద్ధతి. పవర్ స్టీరింగ్ పంపు డబ్బాలో ఉన్నది పెద్ద సిరంజితో లాగేసి, వెనక్కి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర ఊడదీసి ఒక సీసాలోకి పెట్టి, పంపు వైపు రంధ్రానికి బిరడా పెట్టేసి, ఇంజన్ ఆపి ఉండగానే స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిప్పుతూ పోండి. బాక్సే తన లోపలి నూనెని బయటికి నెడుతుంది. వచ్చే నూనె రంగు చూడండి. నల్లగా ఉండి, వేళ్ల మధ్య రుద్దితే మెరిసే లోహపు పొడి కనిపిస్తే, అది పంపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. అలాంటి పంపుని, గొట్టాల్ని అలాగే ఉంచి కొత్త బాక్స్ పెడితే ఆ పొడి అంతా కొత్త బాక్స్‌లోకే పోతుంది. పంపు శబ్దం చేస్తుంటే దాన్ని కూడా ఇప్పుడే మార్చేయడం మంచిది.

నూనె ఖాళీ అయ్యాక చక్రాలు నేరుగా ఉండేలా స్టీరింగ్ సర్ది, తాళం తీసేసి లాక్ చేయండి. సీటు బెల్టుని స్టీరింగ్ చువ్వల్లోంచి దూర్చి బకిల్‌లో పెట్టేస్తే ఇంకా గట్టిగా ఆగుతుంది. ఇది ఎందుకంటే, 1995 నుంచి ఈ బండ్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉంది. స్టీరింగ్ కింద క్లాక్‌స్ప్రింగ్ అనే చుట్టలా ఉన్న పలచటి తీగ పట్టీ ద్వారా దానికి కరెంటు వెళ్తుంది. షాఫ్ట్ విప్పాక స్టీరింగ్ ఇష్టమొచ్చినట్టు తిరిగితే ఆ పట్టీ తెగుతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, అవసరమైన రోజున బ్యాగ్ తెరుచుకోదు.

ఇప్పుడు పిట్‌మన్ ఆర్మ్. బాక్స్ ఇంకా ఫ్రేమ్‌కి బిగించి ఉండగానే దీన్ని ఊడదీయాలి, లేకపోతే అంత బలానికి బాక్స్‌ని పట్టుకునేది ఏదీ ఉండదు. ఆర్మ్ మీద, షాఫ్ట్ మీద కలిపి ఒక తెల్ల గీత గీసి పెట్టుకోండి. బ్రేకర్ బార్‌తో నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా షాఫ్ట్ చివర దాకా తెచ్చి ఆపండి, మరలకి అదే రక్షణ. పుల్లర్ తగిలించి బిగిస్తూ పోతే ఒక దశలో ఇక తిరగదనిపిస్తుంది. అప్పుడు ఆర్మ్ పక్కల మీద సుత్తితో ఒకటి రెండు దెబ్బలు వేసి మళ్లీ బిగించండి, టప్ మని పెద్ద శబ్దంతో వదులుతుంది. మొహం కిందకి పెట్టకండి, కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి. షాఫ్ట్ చివర మీద మాత్రం ఎప్పుడూ సుత్తితో కొట్టొద్దు, ఆ దెబ్బ లోపలి బేరింగులకి తగులుతుంది, మీ పాత బాక్స్ కోర్‌గా కూడా పనికిరాకుండా పోవచ్చు. డ్రాగ్ లింక్‌ని (ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) ఆర్మ్ నుంచి విప్పనక్కర్లేదు, రెండూ కలిసే కిందకి వేలాడతాయి.

పైకి వెళ్లి రెండు గొట్టాలు విప్పండి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కకి తీస్తే చెయ్యి బాగా దూరుతుంది. గొట్టం చివరలకి ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, దుమ్ము పోకూడదు. స్టీరింగ్ షాఫ్ట్ బాక్స్‌ని కలిసే చోట, కప్లర్ అనే జోడింపులో, ఒక బోల్టు ఉంటుంది. దాన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి, ఎందుకంటే అది షాఫ్ట్ మీది గాడిలోంచి వెళ్తుంది. తీశాక కప్లర్‌ని పైకి జరిపితే షాఫ్ట్ ఒకదాంట్లోకి ఒకటి దూరి పొట్టిదవుతుంది. తుప్పుతో పట్టేసి ఉంటే కప్లర్ చీలికలో స్క్రూడ్రైవర్ పెట్టి కొంచెం విడదీయండి.

చివరగా మూడు బోల్టులు. రెండు తీసేశాక మూడోది తీసేటప్పుడు కింద ఒక చెయ్యో, జాకో, స్నేహితుడో ఉండాలి, బాక్స్ పోత ఇనుముది, బరువు బాగా ఉంటుంది. బాక్స్‌కి, రైలుకి మధ్య అల్యూమినియం స్పేసర్ ఒకటి ఉంటుంది, పారేయకండి, మళ్లీ కావాలి. అది పగిలి ఉండటం ఈ బండ్లలో మామూలే. పగిలితే స్టీలుతో చేసినవి విడిగా అమ్ముతారు, అది వేసుకోండి.

ఇక్కడ ఆగి, కొత్త బాక్స్ మీద చెయ్యి వేయకముందు ఫ్రేమ్ రైలు చూడండి. ఎక్స్‌జేకి లారీలకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. బాడీతో కలిపి వెల్డ్ చేసిన రేకు రైళ్లే దాని బలమంతా. పెద్ద టైర్లు వేసి రాళ్ల దారుల్లో తిప్పిన బండ్లలో స్టీరింగ్ లాగినప్పుడల్లా ఆ మూడు రంధ్రాల చుట్టూ రేకు వంగి వంగి చివరికి చీలుతుంది. వైరు బ్రష్‌తో మట్టీ గ్రీజూ గీకేసి, బ్రేక్ క్లీనర్ కొట్టి, టార్చిని పక్క నుంచి వాలుగా వేయండి. నేరుగా వేసిన వెలుగులో కనపడని వెంట్రుకంత చీలిక అలా వేస్తే సన్నని నల్ల గీతలా తేలుతుంది. ముఖ్యంగా రంధ్రం అంచు నుంచి మొదలై పైకి పోయే గీత కోసం చూడండి, తుప్పు రంగు చార కనిపించినా అనుమానించాల్సిందే. చీలిక ఉంటే పని అక్కడితో ఆపేసి మంచి వెల్డర్ చేత అతుకు వేయించి, పైన బలానికి ప్లేటు పెట్టించాలి. పగిలిన రైలుకి కొత్త బాక్స్ బిగించి రోడ్డెక్కడం మీ ఒక్కరి ప్రాణం సంగతే కాదు, ఎదురుగా వచ్చేవాళ్లది కూడా. రైలు బాగుంటే, పెద్ద టైర్లు ఉన్నవాళ్లు బాక్స్‌ని అవతలి పక్కకి కూడా ఆనించే స్టీరింగ్ బ్రేస్ ఒకటి ఇప్పుడే వేసుకోవడం తెలివైన పని.

కొత్త బాక్స్‌ని మధ్యకి తేవడం ఎలాగంటే, ఇన్‌పుట్ షాఫ్ట్‌ని ఒక చివర దాకా తిప్పి, అక్కడ గుర్తు పెట్టి, రెండో చివర దాకా చుట్లు లెక్కపెడుతూ తిప్పండి. మొత్తం మూడు చుట్లు వస్తే ఒకటిన్నర వెనక్కి రావాలి. అక్కడికి వచ్చాక ఇన్‌పుట్ షాఫ్ట్ మీది చదును భాగం పై వైపుకి ఉండాలి, అదే మీకు సాక్ష్యం. డబ్బాలో వచ్చినప్పుడు అది మధ్యలోనే ఉంటుందని నమ్మొద్దు. మధ్యలో లేని బాక్స్‌ని బిగించి, స్టీరింగ్ వంకరగా ఉందని డ్రాగ్ లింక్‌తో సరిచేసుకుంటే చూపుకి అంతా నేరుగానే ఉంటుంది, కానీ ఒక పక్కకి ఎక్కువ, ఇంకో పక్కకి తక్కువ తిరుగుతుంది. పైగా నేరుగా వెళ్తున్నప్పుడు ఆ మధ్య బిగువు ఉండదు కాబట్టి కొత్త బాక్స్‌లో కూడా పాత ఆటే కనిపిస్తుంది. బాక్స్ బాలేదని తిట్టుకునేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

బాక్స్‌ని పైకెత్తుతూ కప్లర్‌లోకి ఇన్‌పుట్ షాఫ్ట్ దూర్చండి, చదునుకి చదును కలిస్తేనే ఎక్కుతుంది. స్పేసర్ పెట్టి మూడు బోల్టుల్నీ ముందు వేళ్లతోనే నాలుగైదు మరలు ఎక్కించాలి, ఆ తర్వాతే రెంచ్. మరలు శుభ్రం చేసి, బోల్టు వదులవకుండా ఆపే జిగురు, నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేస్తే మంచిది. బిగింపు 70 ఫుట్ పౌండ్లు, అంటే 95 న్యూటన్ మీటర్లు. కప్లర్ బోల్టు పెట్టి బిగించండి. గొట్టాలకి కొత్త ఓ రింగులు వేసి, వాటినీ ముందు చేత్తోనే ఎక్కించండి, మరలు అడ్డంగా పడ్డాయంటే కొత్త బాక్స్ చెడినట్టే. పిట్‌మన్ ఆర్మ్‌ని గీత ప్రకారం పెట్టి, వాషర్ వేసి, నట్టుని 185 ఫుట్ పౌండ్లకి, అంటే 251 న్యూటన్ మీటర్లకి బిగించాలి. మామూలు చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. ఈ లెక్కలు ఎక్స్‌జేవి. వేరే బండి అయితే దాని సర్వీస్ మాన్యువల్ చూడండి.

నూనె నింపడంలో తొందరే శత్రువు. పవర్ స్టీరింగ్ ఫ్లూయిడే వాడండి, గేర్‌బాక్సుల్లో (ఆటోమేటిక్ గేర్లవి) పోసే ఏటీఎఫ్ అనే నూనె ఈ బండి స్టీరింగ్‌కి వద్దు. మొదట రిటర్న్ గొట్టం సీసాలోనే ఉంచి, పంపు డబ్బా నింపుతూ, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ శుభ్రమైన నూనె వచ్చేదాకా కడగండి. తర్వాత గొట్టం తగిలించి, నింపి, చక్రాలు గాల్లో ఉండగానే, ఇంజన్ ఇంకా ఆపే, చివర నుంచి చివరకి ఒక ఇరవై సార్లు మెల్లగా తిప్పండి. మధ్య మధ్యలో డబ్బా చూసి పోస్తూ ఉండాలి. బుడగలు రావడం ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ అటూ ఇటూ తిప్పండి, కానీ చివరల్లో పట్టి ఉంచొద్దు, పంపు మీద ఒత్తిడి పెరిగిపోతుంది. నూనె పాల నురగలా తెల్లగా మారితే గాలి కలిసిందన్నమాట, ఆపేసి ఒక గంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. కొంచెం మూలుగు మొదట్లో ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు, గాలి పోయేకొద్దీ తగ్గుతుంది.

చక్రం బిగించి, కిందకి దించి, ముందు ఇంటి వీధిలోనే మెల్లగా తిప్పి చూడండి. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి. చక్రాలు నేరుగా ఉన్నా స్టీరింగ్ కొద్దిగా వంకరగా ఉంటే డ్రాగ్ లింక్ మీది స్లీవ్ క్లాంపులు వదులు చేసి, స్లీవ్ తిప్పి సరిచేసి, మళ్లీ బిగించండి. ఈ బండిలో టై రాడ్ డ్రాగ్ లింక్‌కే తగులుకుని ఉంటుంది కాబట్టి స్లీవ్ తిప్పితే టో (ముందు చక్రాలు ఒకదానికొకటి ఎంత లోపలికి, బయటికి తిరిగి ఉన్నాయో ఆ కొలత) కూడా కొంచెం మారొచ్చు, ఒకసారి అలైన్‌మెంట్ చూపించుకోండి. కొద్ది రోజులు నడిపాక ఆ మూడు బోల్టుల్ని టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, నూనె మట్టం సరిచూడండి.

పాత బాక్స్‌లో మిగిలిన నూనెని వంచేసి, రంధ్రాలకి కొత్త బాక్స్‌తో వచ్చిన బిరడాలు పెట్టి, అదే డబ్బాలో సర్దండి. వాడిన నూనె కాలువలో పోయకండి, స్పేర్ పార్ట్స్ షాపులు చాలావరకు తీసుకుంటాయి. పుల్లర్ వాపస్ ఇవ్వడానికి వెళ్లినప్పుడే రసీదు కూడా పట్టుకెళ్తే, బాక్స్ ఆ షాపులోనే కొని ఉంటే కోర్ డబ్బు కూడా అప్పుడే చేతికొస్తుంది.